మెదకు దేవాలయమును కట్టించిన పోస్నెట్టు దొరగారు

ఆగమన కాలము వచ్చినది. క్రిస్మసుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములును ప్రభువు రాకకై కనిపెట్టు దినములని మన విద్యార్థులెల్లరును ఎరుగుదురు. క్రిస్మసు సమీపించిన కొలది మన జిన్నారము ప్రాంతపు బాటలయందొక సందడి కానవచ్చును. కర్మాగారములలో షిఫ్టు ముగించుకొని వచ్చు పనివారి నడుమనుండి, బస్సులమీదను ఆటోలమీదను కుటుంబములకు కుటుంబములు గుమ్మడిదల, నర్సాపురము దాటి మెదకునకు పోవుచుండును. వారందరును క్రైస్తవులు కారు. మ్రొక్కు తీర్చుకొన పోవువారు కొందరు, వింత చూడ పోవువారు కొందరు. వీరందరిని రప్పించుచున్న ఆ దేవాలయమును కట్టించినవారు రెవరెండు చార్లెస్ వాకర్ పోస్నెట్టు దొరగారు. 2016వ సంవత్సరమున సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు జిన్నారము మెదకు జిల్లాలోనిదే గనుక వారి చరిత్రము మన యింటి చరిత్రమే. దానిని సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

పోస్నెట్టుగారు 1870వ సంవత్సరమున జన్మించిరి. వీరు ఇంగ్లాండు దేశపు వెస్లియను మెథడిస్టు సంఘమునకు చెందినవారు. ఆ సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారు 1739లో బ్రిస్టలు పట్టణమున ఆరుబయట నిలిచి దారిన పోవువారికిని గనులలో పనిచేయు కూలీలకును బోధించిరి. గుడికి రానివారియొద్దకు గుడియే పోవలెనను నియమము పోస్నెట్టుగారికి ఆ విధముగా వంశధనమువలె సంక్రమించెను.

1895లో వారు సికింద్రాబాదునకు వచ్చి, తిరుమలగిరి దండులో ఆంగ్ల సైనికులకు బోధకులుగా నియమింపబడిరి. అది స్వభాషవారి నడుమ, స్వజనుల నడుమ చేయు సులభమైన పని. అయినను వారికది తృప్తి నీయలేదు. దండు గోడల కావల పల్లెలుండెను. ఆ పల్లెల జనులతో మాటలాడువారు లేరైరి. కావున 1896లో వారు మెదకునకు పోయిరి. సికింద్రాబాదునుండి మెదకు అరువది మైళ్లు. గుఱ్ఱముమీద పోయినను రెండు దినముల ప్రయాణము. అచ్చట తొలుత ప్రయాణికుల బంగళాలో దిగిరి. ఆ ప్రాంతమున నాడు క్రైస్తవుడన్నవాడొక్కడును లేడని చెప్పుదురు.

ఇచట ‘దొర’ యను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. నిజాము రాజ్యములో ఆ మాట విన్న పల్లె ప్రజలకు గడియును వెట్టిచాకిరియు స్ఫురించెడివి. దొర పిలిచిన పోవలెను, చేయుమన్న పని చేయవలెను, కూలి యడుగరాదు. మాలలు, మాదిగలు ఊరికి వెలుపల నివసించుచు, గుడి గడప త్రొక్కు స్వతంత్రము లేక యుండిరి. పోస్నెట్టుగారినిగూడ ప్రజలు దొరయనియే పిలిచిరి. అయితే ఈ దొర వారి వాడలకు తామే నడిచి పోయి, వారి పేరులు పెట్టి పిలిచెడివారు. అందుచేత ఆ వాడలలోనివారే మొదట వారి మాట వినిరి.

మెదకు సీమను మెతుకు సీమయని జనులు వాడుకగా చెప్పుదురు. కాని చెరువులు నిండని యేట ఆ సీమలో మెతుకే కరవగుచుండెను. 1899, 1900 సంవత్సరముల క్షామము దక్కను దేశమునంతను పీడించెను. పిమ్మట 1918లో వానలు తప్పెను. ఆ యేడే విషజ్వరము వ్యాపించి ఇల్లిల్లును ఏడిపించెను. ఇట్టి కాలమున పోస్నెట్టుగారు దేవాలయ నిర్మాణమును తలపెట్టిరి. 1914లో ఆరంభమైన పని పదియేండ్లు సాగెను. ఆకలిగొని వచ్చినవారికి ఊరక భిక్షమిడక, పని కల్పించి, దానికి ప్రతిఫలముగా ఆహారమిచ్చిరి. రాళ్లు కొట్టువారును, మోయువారును, సున్నము కలుపువారును ఆ పనివలన తమ బిడ్డలను బ్రతికించుకొనిరి. వెట్టి నెరిగిన చేతులకు ఆ కూలి గింజల విలువ ఎంతటిదో నేడు మనము ఊహించుకొనవలసినదే.

కరవు నాట అంతటి దేవాలయమేల యని అడుగువారు కలరు. కూటికొరకు మతము పుచ్చుకొనిరని ఆక్షేపించువారును కలరు. ఈ ప్రశ్నలను కోపముతో త్రోసివేయుట ఉపాధ్యాయులమైన మాకు తగదు. ఆకలిగొన్నవాని హృదయములో కూడెంత, విశ్వాసమెంత యని తూచగల త్రాసు ఎవరియొద్దను లేదు. మేమొక్కటి మాత్రము చెప్పగలము. కరవు తీరినది, గింజలు కొలుచుట ముగిసినది. అయినను ఆ కూలీల మునిమనుమలు నేటికిని ఆ గుడికి వచ్చుచున్నారు. ఇంకొకటియు కలదు. దొరగారి పేరు అందరికిని తెలియును. రాళ్లు మోసినవారి పేరులు మనలో నెందరు చెప్పగలరు? ఈ లోపము దొరగారిది కాదు, మనది.

దేవుని కీయవలసినది మన యొద్దనున్న వానిలో శ్రేష్ఠమైనదే యని దొరగారి తలంపు. ఆ తలంపు ప్రకారమే దేవాలయము వెలసెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు అయిదువేలమంది కూర్చుండవచ్చును. నేలకు పరచిన రంగు బిళ్లలు బ్రిటను నుండి తెప్పింపబడెను. వానిని పరచినవారు ఇటలీ దేశపు పనివారు. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడే, ఆ మందిరము ప్రతిష్ఠింపబడెను. గుడి గడప త్రొక్కరాదన్న మాట విని పెరిగినవారు ఆ దినమున తమ చేతులతో ఎత్తిన గోడల నడుమ కూర్చుండిరి.

ఆ దేవాలయమునకు మూడు వన్నెల గాజు కిటికీలు కలవు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీగారు వానిని రచించిరి. ప్రభువు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, ఆయన జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్పబడెను. వెలుపలి వెలుగు లోనికి వచ్చుచున్నంత సేపే ఆ బొమ్మలు కానవచ్చును. సూర్యుడు క్రుంకిన వెనుక గాజు నల్లబడి ఏమియు కానరాదు. పోస్నెట్టుగారు 1939లో పని విరమించిరి. అందుచే క్రిస్మసునాడు ప్రతిష్ఠించిన గుడిలో క్రిస్మసు బొమ్మ నిలుచువరకు వారక్కడ లేరు. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడగా ఈ మందిరము మెదకు అధ్యక్ష ఖండమునకు ప్రధాన దేవాలయమయ్యెను. 1950లో పోస్నెట్టుగారు కాలధర్మము నొందిరి. 2024 క్రిస్మసునాటికి దేవాలయమునకు నూరేండ్లు నిండెను.

ఇంతవరకు దొరగారి చరిత్రము. ఇక మా సంగతి యొకటి చెప్పి ముగింతుము. కొన్నియేండ్ల క్రిందట ఆగమన కాలమున ఒక సాయంకాలము మేము ఒక గుడిలో పిల్లలచే పాటలు పాడించుచుంటిమి. కర్మాగారపు దుస్తులతో ఒక పరదేశపు పనివాడు గేటుకడ నిలిచి విను చుండెను. అతని భాష మాకు రాదు, మా భాష అతనికి రాదు. లోపలికి రమ్మని చేయి చూపుటకు ఎంత సేపు పట్టును? పాట చెడునని మేము చూపలేదు. పాట ముగిసి చూచునప్పటికి అతడు లేడు. అరువది మైళ్లు గుఱ్ఱముమీద పోయినవారి కథను ఏటేట చెప్పుచుండు మేము, ఆ సాయంకాలము ఆరడుగులు నడువలేకపోతిమి.

నాటినుండి ఆగమన కాలమున పాటలను గేటు వెలుపల బాటప్రక్కనే పాడించుచున్నాము. షిఫ్టు దిగివచ్చువారికి పిల్లలు టీ యందింతురు. కొందరు త్రాగి పోవుదురు, కొందరు నిలిచి విందురు. వారెవరని గాని, ఏ మతమువారని గాని మేమడుగము. మెదకు గుడి తలుపులంత గొప్ప తలుపులు మనకు లేవు. విద్యార్థులారా, ఉన్న చిన్న తలుపునైనను తెరచియుంచుట మన చేతిలోని పని. ఈ యేడు టీ గిన్నె మోయుట ఎనిమిదవ తరగతివారి వంతు.