గాలి కాదు, దోమ: సర్ రోనాల్డ్ రాస్ జీవితము



బిడ్డకు చలిజ్వరము వచ్చి, ఒళ్లు కాలిపోవుచు, పలవరించినయెడల మన పల్లెలలోని పెద్దలు గాలి సోకినదందురు. ప్రొద్దు గూకిన వేళ చెరువు కట్ట మీద తిరిగినందున సోకినదని కొందరు, చింతచెట్టు క్రింద నిద్రించినందున సోకినదని కొందరు చెప్పుదురు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో సేవ చేయుచున్న మేము ఈ మాటను ఎన్ని ఇండ్లలో వింటిమో లెక్క లేదు. అయితే ఇది మనవారి మాట మాత్రమే కాదు. ఇటలీ దేశస్థులు కూడ ఈ జ్వరమునకు చెడు గాలి అని అర్థమిచ్చు పేరే పెట్టిరి. మలేరియా అను పేరు అట్లు వచ్చినదే. గొప్ప చదువులు చదివిన వైద్యులు సహితము బురద నేలల నుండి లేచు గాలియే దీనికి కారణమని వందల ఏండ్లు నమ్మియుండిరి.

ఈ గాలి మాటను కొట్టివేసిన ఋజువు మనకు దూరముగా దొరకలేదు. మేడ్చల్ వారు కొంపల్లి, బోయినపల్లి మీదుగాను, శామీర్‌పేట వారు అల్వాల్ మీదుగాను నగరమునకు పోవుదురు గదా. ఆ దారులకు దగ్గరనే ఉన్న బేగంపేటలో, పాత విమానాశ్రయము దాపున, ఒక పాత కట్టడము నేటికిని నిలిచియున్నది. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టిరి. ఈ నెల మనము ఆయన జీవితమును ధ్యానింతము. తర్కముతో ఆలోచించుటయు, తర్కమునకు అందని నమ్మికతో ముందుకు సాగుటయు ఒకే మనుష్యునిలో ఎట్లు కలిసి పనిచేయునో, ఎప్పుడు ఒకటి రెండవదానిని చెరుపునో ఆ జీవితము మనకు నేర్పుచున్నది.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ పర్వత ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. పదిమంది బిడ్డలలో ఆయనే పెద్దవాడు. తండ్రి సైన్యములో గొప్ప అధికారి. ఎనిమిదవ ఏట ఆయనను చదువు నిమిత్తము ఇంగ్లండు పంపిరి. ఆయన మనస్సు చిత్రలేఖనము మీదను, కవిత్వము మీదను ఉండెను గాని తండ్రి కోరికను బట్టి వైద్యము చదివెను. చదువులో అంత ఆసక్తి చూపలేదు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, మన దేశమునకు తిరిగి వచ్చెను.

1883లో ఆయన బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగెను. ఆయన నివసించు ఇంటిలో దోమల బాధ మిక్కుటముగా ఉండెను. కారణమేమని వెదకగా, కిటికీ వెలుపల నున్న నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు ఈదుచుండెను. తొట్టిని బోర్లించగా దోమలు తగ్గిపోయెను. తక్కిన చోట్ల కూడ అట్లు చేయుదమని ఆయన సైన్యములోని ఒక అధికారితో చెప్పెను. ఆ అధికారి ఒప్పుకొనలేదు. దోమలు ఏదో ఉద్దేశముతో సృష్టింపబడినవనియు, వాటిని సహించుటయే మనుష్యుల ధర్మమనియు ఆయన వాదము. ప్రియులారా, ఇది భక్తివలె కనబడు మాట. అయితే ఒక తొట్టిని బోర్లించుటకు ఇష్టము లేక దేవుని సృష్టిని అడ్డము పెట్టుకొనుట భక్తియగునా?

రాస్ మొదట సందేహించువాడు. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో చలిజ్వరపు రోగి రక్తములో సూక్ష్మజీవిని కనుగొనెను. ఎన్ని రక్తపు చుక్కలు చూచినను తనకు అది కనబడలేదు గనుక రాస్ దానిని నమ్మలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు ఆయనకు సూక్ష్మదర్శినిలో దానిని చూపించెను. చూచిన వెంటనే రాస్ తన తలంపును మార్చుకొనెను. తోమా అపొస్తలుడు మనకు జ్ఞాపకము రావడము లేదా? చూడగోరినవానిని ప్రభువు త్రోసివేయలేదు, తన గాయములనే చూపెను. చూచిన పిమ్మట తోమా మొండిగా నిలువలేదు. సందేహించుట పాపము కాదు, చూచిన తరువాతను తిరుగకుండుటయే కఠినత్వము.

ఈ జ్వరమును దోమ మోయుచున్నదని మాన్సన్ తలంచెను. అప్పటికి దానికి ఋజువు లేదు. అది ఊహ మాత్రమే. ఆ ఊహను నమ్ముకొని రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చి, సైనికుల ఆసుపత్రిలో పనిచేయుచు పరిశోధన మొదలుపెట్టెను. అయితే ఆ ఊహలో సగము తప్పు ఉండెను. దోమ నీటిలో చచ్చునని, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చునని మాన్సన్ అభిప్రాయము. రాస్ దోమలు చచ్చిన నీటిని కొందరికి త్రాగించెను. మనుష్యులపై ఇట్టి పరీక్షను నేడు ఏ మనస్సాక్షియు అంగీకరింపదు. ఒకనికి జ్వరము రాగా రాస్ మిగుల సంతోషించెను. ఇంకను కొందరికి ఇయ్యగా వారికి రాలేదు. ఒక్కనికి వచ్చినదనుకొని ఆయన అక్కడ ఆగియుండినయెడల, చెడు గాలి మాట పోయి చెడు నీటి మాట వచ్చియుండును. ఆయన ఆగలేదు, మరల మరల పరీక్షించెను.

రెండేండ్లు ఆయన బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి చూచెను. ఏమియు దొరకలేదు. నడుమ కలరా పని మీద బెంగుళూరు వెళ్లవలసి వచ్చెను. 1897లో నీలగిరులకు వెళ్లి, అక్కడ తానే చలిజ్వరమున పడెను. కేవలము లెక్కలు వేయువాడు అప్పుడే మానుకొనియుండును, ఎందుకనగా వందల దోమలు దోమకు వ్యతిరేకముగా సాక్ష్యమిచ్చెను. అయినను ఆయన మానలేదు. తర్కము చాలని చోట ఒక ఆశ ఆయనను కూర్చుండబెట్టెను.

ఆ ఆగస్టు ఉక్కలో ఆయన పడిన శ్రమ చెప్పతగినది. నొసటి చెమట సూక్ష్మదర్శిని మీద పడి మరలు తుప్పు పట్టెను. కంటి అద్దము పగిలియుండెను. కోసిన దోమలు ఎగిరిపోవునని పంకా లాగించుకొనలేదు. ఆ దినములలో ఆయన పనివారు తెచ్చిన దోమ పిల్లల నుండి రెక్కలపై మచ్చలు గల క్రొత్త జాతి దోమలు పుట్టెను. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను రోగిని వాటిచేత కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చెను. ఆగస్టు 20 నాటికి కొద్ది దోమలే మిగిలెను. ఆ మధ్యాహ్నము ఒక దోమ కడుపు గోడలో, ఉండరాని గుండ్రని కణములు కనబడెను. వాటిలో రోగి రక్తములోని సూక్ష్మజీవియందు కనబడు నల్లని రేణువులే ఉండెను. మరునాడు చివరి దోమను కోయగా ఆ కణములు ఇంకను పెద్దవై యుండెను. అవి పెరుగుచున్నవని తెలిసెను. ఈ మర్మమును దేవుడే తన చేతికి అప్పగించెనని కృతజ్ఞతతో ఆయన పద్యములు వ్రాసి భార్యకు పంపెను. లెక్క చూచినవాడును ఆయనే, పాడినవాడును ఆయనే.

పని ఇంకను ముగియలేదు. సెప్టెంబరులో ఆయనను రాజపుతానాకు బదిలీ చేసిరి. అక్కడ చలిజ్వరము అరుదు. 1898లో కలకత్తా వెళ్లి పక్షుల జ్వరముపై పరిశోధించి, సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులలో చేరి కాటు ద్వారా సోకునని జూలైలో ఋజువు చేసెను. 1902లో నోబెల్ బహుమానము, 1911లో సర్ బిరుదు ఆయనకు లభించెను. జ్వరమును తగ్గించుటకు దోమలన్నిటిని చంపనక్కరలేదనియు, ఒక మట్టునకు తగ్గించిన చాలుననియు లెక్కలు కట్టి చూపెను. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను.

ఆయన లోపమును దాచరాదు. మనుష్యుల జ్వరమును మోయు దోమను గూర్చి గ్రాసి అను ఇటలీ శాస్త్రజ్ఞుడు కూడ గొప్ప పని చేసెను. ఆ ఘనత ఎవరిదను వివాదములో రాస్ జీవితాంతము చేదుగా ఉండెను. తనకు దారి చూపిన మాన్సన్‌తో సహితము విరోధము తెచ్చుకొనెను. దోమ విషయమందు తన ఊహను వందమారులు పరీక్షించినవాడు తన కోపమును ఒక్కమారైనను అట్లు పరీక్షింపలేదు. బుద్ధి గలవాడు అన్ని గదులలో దీపము వెలిగించునని అనుకొనరాదు.

మా సంగతియు చెప్పవలెను. కొన్ని ఏండ్ల క్రిందట వానాకాలములో మా సంఘపు బాలుడొకడు జ్వరమున పడెను. నాయనమ్మ తాయెత్తు కట్టించెను. తండ్రి దానిని తెంపివేసి మమ్మును పిలిపించెను. మేము అతనిని మెచ్చుకొని ప్రార్థించితిమి. ఆసుపత్రికి తీసికొనిపోవుదుమా అయ్యగారూ అని తల్లి అడిగినప్పుడు, రెండు దినములు విశ్వాసముతో కనిపెట్టుడని చెప్పితిమి. మూడవ దినమున బిడ్డ ముక్కు నుండి రక్తము కారెను. మేనమామ ఆటోలో నగరమునకు తీసికొనిపోగా, రక్తమును పరీక్షించి డెంగీ అనిరి. బిడ్డ బ్రతికెను, దేవునికి స్తోత్రము. అయితే ఆ రెండు దినములు మావి. ఆ ముసలమ్మ దారముతో తృప్తిపడెను, మేము మా మాటతో తృప్తిపడితిమి. ఇద్దరమును బిడ్డ రక్తమును ఎవరిని చూడనియ్యలేదు. ఆ రెండు దినములు మేము చేసినది విశ్వాసమని నేడు చెప్పజాలము.

విశ్వాసము కన్నులు మూసికొనుట కాదు. రాస్‌కు ఆశ లేకున్న అన్నాళ్లు వెదకియుండడు, పరీక్ష లేకున్న తప్పు నీటి మాటలోనే నిలిచియుండును. ఆశ వెదకించును, పరీక్ష సరిదిద్దును. మన పూర్వులు సందెవేళ వేపాకు పొగ వేసిరి. గాలిని తరుముటకని వారనుకొనిరి, పారిపోయినది దోమ. వారిని నవ్వనక్కరలేదు, అయితే అక్కడనే నిలువనక్కరలేదు. జ్వరమును మోయలేదని రాస్ ప్రక్కన పెట్టిన చారల దోమ జాతియే డెంగీని మోయుచున్నదని తరువాతి వారు కనుగొనిరి. నిన్నటి సత్యమును కూడ నేడు మరల వెదకవలసియున్నది.

లూకా సువార్త వ్రాసెను, అయినను పౌలు ఆయనను వైద్యుడనియే పిలిచెను. కావున ప్రియులారా, ఇంటిలో జ్వరము వచ్చినయెడల మోకరించుడి, ఆ దినముననే రక్తపరీక్షయు చేయించుడి. ఈ ఆదివారము ఆరాధనకు వచ్చుటకు ముందు మీ ఇంటి డ్రమ్ములు, పూలకుండీలు, పాత టైర్లు చూడుడి. నిలిచిన నీటిని పారబోసి రండి. మేమును పారబోసి వచ్చెదము.