మైకు ఎవరి చేతిలో ఉంది?

మీరు ఏదో ఒక సంఘంలో పనిచేస్తూనే ఉంటారు. జయంతికి పందిరి వేస్తారు, చందాలు వసూలు చేస్తారు, కుర్చీలు సర్దుతారు. మైకు మాత్రం ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్కరూ లేకపోతే సంఘం నడుస్తుందా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితాన్ని చూడండి.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన ఆయన, కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చాక 1924 జూలైలో బొంబాయిలో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించారు. సభ మొదట్లో చేసినవన్నీ చిన్న పనులే. 1925లో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టలు, ఒక గ్రంథాలయం, కుర్రాళ్ళు తాగుడికీ జూదానికీ పోకుండా ఒక హాకీ క్లబ్బు. లెక్క రాయడం, టైముకి రావడం, నలుగురితో కలిసి నడవడం ఇలాంటి చోటే కదా అలవడేది!

1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినందుకు మనవాళ్ళ మీద దాడి జరిగింది. తిరిగి కొట్టగల బలం ఉంది, కోపమూ ఉంది. బాబాసాహెబ్ ఆగమన్నారు, ఆగారు. దెబ్బ తిని కూడా చెయ్యెత్తకుండా నిలబడాలంటే ఎంత శిక్షణ కావాలో ఆలోచించండి. ఆ క్రమశిక్షణనే సమతా సైనిక్ దళ్ యువకులకు నేర్పింది.

1956 మార్చిలో ఆగ్రాలో, చదువుకున్నవాళ్ళు ఉద్యోగాలొచ్చాక సమాజాన్ని మరిచిపోతున్నారని బాధపడ్డారు. బాధపడి ఊరుకోలేదు. ఒంట్లో బాగోలేకపోయినా, ఆ జూలైలోనే బొంబాయిలో రాజకీయ ప్రవేశ శిక్షణ పాఠశాల తెరిపించారు. చేరినవాళ్ళు 15 మంది. వెనక లక్షలమంది ఉన్న మనిషి, ఆ 15 మంది కోసం బడి పెట్టారు.

అక్టోబర్ 14న నాగపూర్‌లో చంద్రమణి మహాస్థవిరుల దగ్గర త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించారు. ఆ వేదిక మీదే లక్షలమందికి తానే దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. అందుకున్నది అక్కడికక్కడే పంచారు.

డిసెంబర్ 6న కన్నుమూశారు. మర్నాడు బొంబాయిలో అంత్యక్రియల చోటే, భదంత ఆనంద్ కౌసల్యాయన్ ఆధ్వర్యంలో వేలాదిమంది దీక్ష తీసుకున్నారు. మనిషి పోయాడు, పని ఆగలేదు. బుద్ధుడూ వారసుణ్ణి నిలపలేదు, ధమ్మాన్నే దారిగా వదిలారు.

వచ్చే మీటింగ్ నడిపే బాధ్యత, మీ సంఘంలో ఇంతవరకూ నోరు విప్పని అమ్మాయికి ఇవ్వండి. తడబడితే పక్కనే ఉండండి. మైకు మాత్రం లాక్కోకండి.