బూగెన్‌విల్ దొర – ఫాక్లండు దీవుల తగవు

మన పాఠశాలల ప్రహరీగోడల వెంబడిని, రైలు స్టేషనుల కంచెల మీదను ఏడాది పొడుగున ఎఱ్ఱని గుత్తులతో విరియబూయు కాగితపుపూల తీగను ఎఱుగని బాలుడుండడు. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బోగన్‌విల్లియా. ఆ పేరు లూయీ ఆంత్వాన్ ద బూగెన్‌విల్ అను ఫ్రెంచి నావికునిది. పూలతీగవలన ఆయన పేరు లోకమున నిలిచినది కాని, ఆయన చేసిన మఱియొక కార్యము అంతకంటెను పెద్దది, అంతకంటెను చిక్కులు గలది. దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమున కాపురమున్నవారెవ్వరును లేని దీవులలో ఆయన మొదటి పల్లెను కట్టించెను. మూడేండ్లు గడచునప్పటికి ఆ పల్లెను తన చేతులమీదుగానే పరరాజ్యమున కప్పగించెను. అవియే ఫాక్లండు దీవులు. వాటికొఱకు 1982వ సంవత్సరమున బ్రిటనును అర్జెంటీనాయును 74 దినములు పోరాడినవి. ఆ స్వల్పకాల యుద్ధమును గూర్చి పెద్దలు వార్తాపత్రికలలో చదివియుందురు. దాని విత్తనము అప్పటికి రెండువందల యేండ్ల క్రిందటనే పడినదని యెఱిగినవారు తక్కువ. ఈ సంచికకు ఒక ప్రసిద్ధపురుషుని చరిత్ర వ్రాయబూని మేమీయననే యెన్నుకొనుటకు కారణమిది.

బూగెన్‌విల్ 1729వ సంవత్సరము నవంబరు నెలలో పారిసు నగరమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు నోటరీ. కుమారుడు న్యాయశాస్త్రము చదివెను గాని ఆయన మనస్సు గణితమునందు లగ్నమైయుండెను. సమాకలన గణితముపై రెండు సంపుటముల గ్రంథమును వ్రాసి 1754, 1756 సంవత్సరములలో ప్రకటించెను. ఆ 1756వ సంవత్సరముననే లండను రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా నెన్నుకొనిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడేండ్లైనను నిండలేదు. లెక్కలనగా మొగము చిట్లించుకొను మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక. సముద్రమధ్యమున ఓడ యెక్కడనున్నదో తెలిసికొనుటకు ఆ లెక్కలే ఆయనకు తరువాత దిక్కైనవి.

ఆ యేటనే ఆయన సైన్యమున మోంకాల్మ్ సేనానికి ఆంతరంగికోద్యోగిగా కెనడా దేశమునకు పోయెను. అక్కడ ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని ఘోరమైన పోరు జరుగుచుండెను. తోడుసేనలను వేడుటకు ఆయన 1758వ సంవత్సరాంతమున స్వదేశమునకు పంపబడెను. ఐరోపాఖండములోని యుద్ధములలో మునిగియున్న ప్రభుత్వమువలన లభించిన సహాయము మిక్కిలి స్వల్పము. 1759 సెప్టెంబరు 13వ తేదీని క్విబెక్ కోటవెలుపల జరిగిన యుద్ధమున మోంకాల్మ్ గాయపడి మఱునాడు మరణించెను. కొంతదూరమున వేఱొక దండుతో కావలియున్న బూగెన్‌విల్ ఆ స్థలమునకు చేరులోపల యుద్ధము ముగిసిపోయినది. మఱుసటి యేడు మాంట్రియల్ నగరము లొంగిపోయినప్పుడు శత్రుసేనానితో షరతులు మాటలాడుటకు వెళ్లినవాడును ఆయనయే. ముప్పదియొకటవ యేడు నిండకమున్నే ఒక దేశము చేజాఱిపోవుటను కన్నులార చూచినవాడాయన. ఆ పిదప ఆయన చేసిన పనికి ఈ దుఃఖమే మూలమని మాకు తోచుచున్నది.

పోయిన రాజ్యమునకు మాఱుగా మఱియొక చోటు సంపాదింపవలెనను కోరిక ఆయనకు పుట్టినది. పసిఫిక్ మహాసముద్రమునకు పోవు మెజెల్లన్ జలసంధికి తూర్పున, దక్షిణ అమెరికా తీరమునకు సుమారు 480 కిలోమీటర్ల దూరమున నున్న ఈ దీవులు, నీరునింపుకొని విశ్రమించుటకు ఓడలకు తగిన స్థలమని ఆయన యెంచెను. కాపురమునకు మనుష్యులు కావలెనుగదా. కెనడాకు తూర్పుననున్న అకాడియా దేశమునుండి 1755 మొదలుకొని ఇంగ్లీషువారు వెడలగొట్టిన ఫ్రెంచి రైతుకుటుంబములు కొన్ని సెయింట్ మాలో మొదలైన రేవులలో రాజుగారి భత్యముపై దినములు గడుపుచుండెను. వారిలో కొందఱిని ఆయన కూడగట్టెను. ఖర్చు రాజుది కాదు. తన సొమ్మును, తన బంధువుల సొమ్మును పెట్టి రెండు ఓడలను సిద్ధపఱచి, 1763 సెప్టెంబరు నెలలో సెయింట్ మాలో రేవును విడిచెను. దారిలో మాంటెవిడియోయందు పశువులను, గుఱ్ఱములను కొని యెక్కించుకొని, 1764 ఫిబ్రవరి మొదట దీవులలో దిగెను.

ఆ దేశమెట్టిదో చదువరులు భావించుకొందురుగాక. ఎంత వెదకినను ఒక చెట్టు లేదు. ఎడతెగని గాలి, గడ్డిమేటలు, బురదనేల, మేఘములు క్రమ్మిన ఆకాశము. వంటచెఱకు లేనిచోట నిప్పెట్లు రాజుకొనును? వేలయేండ్లుగా చివికి గట్టిపడిన పీటు అను నల్లమన్ను అక్కడ విస్తారముగా కలదు. దానిని ఇటుకలవలె కోసి యెండబెట్టి, మనవారు పిడకలను కాల్చునట్లు కాల్చుకొనిరి. అక్కడి పక్షులు మనుష్యుని యెన్నడును చూచినవి కాకుండుటచే భయమెఱుగక దగ్గఱకు వచ్చుచుండెను. నక్కవంటి జంతువొకటి ఆ దీవులలో నుండెడిది. అదియు అట్లే నిర్భయముగా మనుష్యులను సమీపించెడిది. ఆ నమ్మకమే దాని ప్రాణమునకు ముప్పైనది. 1876వ సంవత్సరము నాటికి ఆ జాతి భూమిమీద ఒక్కటియు మిగులలేదు.

తూర్పుదీవిలో ఒక లోతైన ఆఖాతము చివరను గుడిసెలును, మట్టికోటయును కట్టుకొనిరి. 1764 ఏప్రిల్ 5వ తేదీని పదునైదవ లూయీ రాజుపేర ఆ దీవులను స్వాధీనపఱచుకొన్నట్లు ప్రకటించి, పల్లెకు పోర్ట్ లూయీ అని నామకరణము చేసిరి. ముప్పదిమందికి లోపుగానున్న స్త్రీపురుషులను, పిల్లలను అక్కడ విడిచి బూగెన్‌విల్ స్వదేశమునకు మరలెను. ఆ మొదటి శీతకాలము వారేమగుదురో యని ఆయన యెంత బెంగపడెనో! 1765 జనవరిలో తిరిగి వచ్చునప్పటికి అందఱును ఆరోగ్యముతో నుండిరి. ఆయన అంతటితో నూరకుండక మెజెల్లన్ జలసంధివఱకు ఓడ నడపి, అక్కడి అడవులనుండి కలపను తెచ్చి యిచ్చెను. క్రమముగా జనసంఖ్య సుమారు 150 వఱకు పెరిగెను. ధాన్యమును, కూరలును కొలదిగా పండనారంభించెను.

ఇంతలో మూడు రాజ్యములకు తగవు పుట్టినది. 1765 జనవరిలో బైరన్ అను ఇంగ్లీషు నావికాధిపతి పడమటి దీవిని చేరియున్న యొక చిన్నదీవియందు దిగి, ఆ ద్వీపసముదాయమంతయు తమ రాజుదని ప్రకటించి వెడలిపోయెను. మఱుసటి యేడు ఇంగ్లీషువారక్కడ పోర్ట్ ఎగ్మాంట్ అను కోటను నెలకొల్పిరి. కొంతకాలము ఒకరున్న సంగతి యొకరికి తెలియనే తెలియదు! తెలిసిన పిమ్మట మీరు లేచిపొండని ఒకరినొకరు బెదరించుకొనిరి. మఱియొక ప్రక్క స్పెయిన్ రాజు, దక్షిణ అమెరికాతోపాటు ఆ దీవులును తనవేయని ఫ్రెంచిరాజునకు ఫిర్యాదు చేసెను. ఇద్దఱును ఒకే వంశీయులు. ఇంగ్లండునకు విరోధముగా ఒడంబడిక చేసికొన్న మిత్రులు. ఆ మైత్రి ముందు నూటయేబదిమంది గుడిసెలెంత? పల్లెను విడిచిపెట్టుటకు పారిసునందు నిశ్చయమైనది.

ఆయన పెట్టిన ఖర్చు నిచ్చుటకు స్పెయిన్‌వారు సమ్మతించిరి. 618,108 లివ్రులు, 13 సూలు, 11 దెనియేలు అని లెక్క తేలెను. మన అణాపైసలవలె సూలు, దెనియేలు లివ్రులోని చిల్లర. చిల్లరతో సహా ఇంత జాగ్రత్తగా కట్టిన ఆ లెక్కలో, ఒకసారి యిల్లువాకిళ్లు పోగొట్టుకొనివచ్చి, మఱల ఒక గూడు కట్టుకొన్న ఆ రైతుల కష్టమునకు చోటు దొరకలేదు. రాజాజ్ఞను మీఱుట యాయనకు శక్యము కాదని మేమొప్పుకొందుము. అయినను వారిని అక్కడికి పిలుచుకొని వచ్చినవాడు ఆయనయే యన్న మాటను మఱచుటయు న్యాయము కాదు.

1767 ఏప్రిల్ 1వ తేదీని పోర్ట్ లూయీలో ఫ్రెంచిపతాకము దిగి స్పెయిన్ పతాకము ఎక్కెను. ఫిరంగులు మ్రోగినవి. బూగెన్‌విల్ తన రాజు పంపిన లేఖను ప్రజల యెదుట చదివెను. ఇష్టమున్నవారు క్రొత్త ప్రభుత్వము క్రింద ఉండిపోవచ్చునని అందలి సారాంశము. కొన్ని కుటుంబములుండిపోయెను. తక్కినవారు మూటలు కట్టుకొని స్పెయిన్ ఓడల నెక్కిరి. ఆయన తన గ్రంథములో ఈ ఘట్టమును క్లుప్తముగానే ముగించెను. చెప్పుటకేమియు లేకనో, చెప్పుటకు మనసొప్పకనో తెలియదు.

ఆ తరువాతిది లోకమంతయు నెఱిగిన కథ. బూదొజ్, ఎత్వాల్ అను రెండు ఓడలతో ఆయన భూమిని చుట్టివచ్చెను. ఎత్వాల్ మీదనున్న కొమెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిలులో కనబడిన తీగకు తన నాయకుని పేరు పెట్టెను. ఆ శాస్త్రజ్ఞుని సేవకుడుగా వచ్చిన పనివాడు నిజముగా పురుషవేషము ధరించిన జాన్ బారే అను యువతియని సముద్రమధ్యమున బయటపడెను. భూప్రదక్షిణము చేసినట్లు మనకు తెలిసిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1768 ఏప్రిలులో తాహితి దీవిని, జూనులో ఆస్ట్రేలియా తూర్పుతీరమునకు ఎదురుగానున్న పగడపుదిబ్బలను చూచి, ఆ నురుగుకెరటములకు జంకి యుత్తరమునకు తిరిగిరి. 1769 మార్చి 16వ తేదీని సెయింట్ మాలో చేరునప్పటికి, బూదొజ్ నందలి సుమారు రెండువందలమందిలో చనిపోయినవారు ఏడుగురే. ఓడలలో సగముమంది పండ్లచిగుళ్ల వ్యాధిచే చచ్చు ఆ కాలమున ఇది యాశ్చర్యకరము.

ఆయన చేతులు దులుపుకొన్నను దీవుల తగవు ఆయనతో పోలేదు. 1770 జూనులో స్పెయిన్ సేన బ్యూనస్ ఏరీస్‌నుండి ఐదు ఓడలలో వచ్చి పోర్ట్ ఎగ్మాంట్ నందలి కొలదిమంది ఇంగ్లీషువారిని వెళ్లగొట్టెను. రెండు దేశములును యుద్ధమునకు సిద్ధపడినవి. ఫ్రాన్సు తోడురానన్నందున స్పెయిన్ వెనుకకు తగ్గి 1771లో ఆ కోటను తిరిగి యిచ్చెను. అయినను దీవులెవరివను ప్రశ్నను ఇరువురును తేల్చుకొనలేదు. 1774లో ఇంగ్లీషువారు ఖర్చు భరింపలేక వెడలుచు, ఈ నేల మా రాజుదేయని సీసపురేకుపై వ్రాయించి తలుపునకు కొట్టి పోయిరి.

బూగెన్‌విల్ 1781లో అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున చెసపీక్ సముద్రయుద్ధమందు కీర్తిగాంచెను. విప్లవకాలమున చెఱసాలపాలై బ్రదికి బయటపడెను. 1801లో పదునాఱేండ్ల కుమారుడొకడు నీటమునిగి మరణించెను; 1806లో భార్య గతించెను. నెపోలియన్ ఆయనను శాసనసభాసభ్యునిగాను, ప్రభువుగాను చేసి గౌరవించెను. 1811 ఆగస్టు 31వ తేదీని ఆయన పారిసులో కన్నుమూసెను. ఆ యేటి మొదటనే, తమ వలసరాజ్యములలో తిరుగుబాట్లు చెలరేగుటచే, స్పెయిన్‌వారును తమ దండును ఆ దీవులనుండి తీసికొనిపోయిరి.

పిమ్మట స్పెయిన్ ఆస్తికి వారసులమని బ్యూనస్ ఏరీస్‌వారు దీవులలో ప్రవేశించిరి. 1833 జనవరిలో బ్రిటిషువారు వారిని తొలగించిరి. నూటనలుబదితొమ్మిదేండ్లకు, 1982 ఏప్రిల్ 2వ తేదీని అర్జెంటీనాసేన దిగెను. జూన్ 14వ తేదీని లొంగిపోయెను. అర్జెంటీనావారు 649 మంది, బ్రిటిషువారు 255 మంది, దీవివాసులైన ముగ్గురు స్త్రీలు చనిపోయిరి. అర్జెంటీనావారిలో పలువురు నిర్బంధముగా సేనలో చేర్పబడిన పదునెనిమిది, పందొమ్మిదేండ్ల కుఱ్ఱలు. మన పై తరగతుల బాలురకన్న రెండుమూడేండ్లు పెద్దవారు మాత్రమే. ఆ యుద్ధమున బ్రిటిషునౌకాదళమునకు నాయకనౌకయైన హెర్మెస్ తరువాత మనదేశమునకు అమ్మబడి, 1987లో విరాట్ అను పేర మన నౌకాదళమున చేరినది. 2016లో విశాఖపట్నమున జరిగిన నౌకాప్రదర్శనమునకు వెళ్లినవారు దానిని చూచియుందురు.

దీవులను అర్జెంటీనావారు మాల్వినాస్ అందురు. అది సెయింట్ మాలో రేవుపేరునుండి ఫ్రెంచివారు కల్పించిన మాలూయీన్ అను మాటకు స్పానిషు రూపము. బ్రిటిషువారి పటములలో ఆ పేరు కానరాదు; కాని తూర్పుదీవిలో, ముఖ్యపట్టణమైన స్టాన్లీకి వాయవ్యముననున్న గొఱ్ఱెలమందల పల్లెకు వారి పటములలోను పోర్ట్ లూయీ యనియే పేరు.