డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్ గారి చరిత్రము

మా అనకాపల్లి బాలబాలికలలో వైద్యవిద్య నభ్యసింపగోరువారు మొదట తలంచునది విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్యకళాశాలను. 1923వ సంవత్సరమున స్థాపితమైన ఆ కళాశాల యొక్కటియే కాదు, భారతదేశమందలి వైద్యకళాశాలలలో చర్మవ్యాధుల శాఖకు సాధారణముగా మూడు మాటలు కలిసిన పేరున్నది. చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠము అని. కుష్ఠమును చర్మమున గానవచ్చు వ్యాధియే కదా, దానికి వేఱుగా నొక పేరేల యని తెలివిగల విద్యార్థి యడుగవచ్చును. చిరకాలము ఈ వ్యాధి వైద్యుని చేతిలోనిది కాక, ఊరివెలుపలి శరణాలయముల కప్పగింపబడి యుండుటయే దానికి కారణము. దానిని వైద్యుడు చదివి, పరీక్షించి, చికిత్స చేయదగిన రోగముగా మార్చినవారిలో మన తెలుగునాట పనిచేసిన స్త్రీ యొకతె కలదు. ఆమెయే ఇసబెల్ కెర్ గారు.

ఈమె 1875వ సంవత్సరము మే నెల 30వ తేదీన స్కాట్లండు దేశమున జన్మించెను. పుట్టినింటి పేరు గన్. ఆ దేశపు విశ్వవిద్యాలయములు స్త్రీలను పట్టపరీక్షలకు చేర్చుకొనుట 1892లోగాని మొదలు కాలేదు. అటుపిమ్మట పదునొకండేండ్లకు, 1903లో, ఈమె ఆబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నొందెను. జార్జి మెక్‌గ్లాషన్ కెర్ గారిని వివాహమాడి, 1907లో భర్తతోగూడ వెస్లియను మెథడిస్టు మిషనువారి పక్షమున నిజాము రాష్ట్రమునకు వచ్చి నిజామాబాదున నిలిచెను. ఇంతవఱకు చెప్పినది నాటి మిషను డాక్టరమ్మలు పెక్కుమంది చరిత్రములకు సామాన్యమే.

నిజామాబాదు ప్రాంతమున ఆమె కంటబడినది జనులు పెద్దరోగమని భయపడు వ్యాధి. దానికి కారణమగు సూక్ష్మజీవిని నార్వే దేశస్థుడగు హాన్సెన్ గారు 1873లోనే కనుగొనిరి. అయినను అది పూర్వజన్మ పాపమనియు, వంశపారంపర్యమనియు జనులు నమ్ముచుండిరి. ఆ సూక్ష్మజీవి చర్మమునందును నరములయందును చేరును. ఒంటిపై పాలిపోయినదో యెఱ్ఱనిదో యగు మచ్చ పుట్టును. ఆ మచ్చపై స్పర్శజ్ఞానము తగ్గును. నరములు చెడినపిదప చేయి కాలినను తెలియదు, కాలిలో ముల్లు విఱిగినను తెలియదు. పొయ్యిమీది కుండను వట్టిచేతితో దింపిన యిల్లాలు, చేతిపై పొక్కులను చూచుకొనిన తరువాతగాని కాలినదని యెఱుగదు. వ్రేళ్లు రోగముచేతనే రాలిపోవునని జనులందురు గాని యది నిజము కాదు. నొప్పి తెలియని గాయములు మానక ముదిరి వ్రేళ్లను తినివేయును. దీనిని తరువాతి కాలమున వెల్లూరు వైద్యకళాశాలలో పాల్ బ్రాండు గారు చక్కగా నిరూపించిరి. బ్రిటిషు ఇండియాలో 1898 నాటి చట్టము బిచ్చమెత్తు కుష్ఠరోగులను పట్టి శరణాలయములలో నుంచుట కధికారము నిచ్చెను. నిజాము రాష్ట్రము ఆ చట్టమునకు వెలుపలిదే. కాని యచటను రోగి బ్రతుకు మఱియొక తీరున లేదు. ఇల్లు విడిచి వీథిపాలగుటయే.

1911లో కెర్ దంపతులు నిజామాబాదున ఇట్టివారికొక చిన్న ఆశ్రమము నెలకొల్పిరి. వచ్చువా రెక్కువైరి, చోటు చాలదయ్యెను. అప్పుడు రాజా నర్సాగౌడు గారను హైందవ దాత గొప్ప విరాళమొసగెను. క్రైస్తవ మిషనువారి చేతికి హిందువు ధనమిచ్చుట, ముసల్మాను ప్రభువు రాజ్యమున అది భవనములగుట మేము ప్రత్యేకముగా గమనించితిమి. 1915లో ఆ పని సమీపముననున్న డిచ్‌పల్లికి మార్చబడినది. నేడు తెలంగాణ విశ్వవిద్యాలయమున్న డిచ్‌పల్లి యిదియే.

అయినను ఆశ్రమము వేఱు, ఆస్పత్రి వేఱు. అన్నమును గుడ్డయు నిచ్చి కట్లు కట్టుటతో వ్యాధి పోదు. మన దేశమున ప్రాచీనకాలమునుండి దీనికి వాడు మందు ఒక చెట్టు గింజల నూనె. సుశ్రుతసంహితలో తువరకమనియు, తెలుగున నీరడివిత్తులనియు, అడవిబాదమనియు పేరొందినది యిదే. గుణము కొంత యున్నది గాని, నోట పుచ్చుకొన్న కొలది సేపటికే కడుపులో త్రిప్పి డోకు వచ్చును. దానిని నెలలతరబడి త్రాగగలవా రరుదు. పోనీ సూదిమందుగా నిత్తమన్న, చిక్కని నూనె యగుటచే ఒంట నింకక బాధ పెట్టును. ఈ చిక్కును విప్పినవారిలో హవాయి ద్వీపములందలి ఆలిస్ బాల్ అను యువతి యొకతె. 1915లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఆ నూనెలోని ఆమ్లములను సూదికి తగిన రూపమునకు తెచ్చి, మఱుసటి యేడే మరణించెను. ఆమె పనిని మఱియొకరు తమదిగా ప్రకటించుకొనుటచే ఆమె పేరు చాల యేండ్లు మఱుగునపడినది. కలకత్తాలో సర్ లియొనార్డు రోజర్సు గారును ఇట్టి పరిశోధనయే చేసిరి. వారి పిదప అచటి ఉష్ణదేశ వ్యాధుల విద్యాలయమున ఎర్నెస్టు మ్యూర్ గారు ఆ చికిత్సను మెఱుగుపఱచిరి.

ఆ మ్యూర్ గారియొద్ద కెర్ అమ్మగారు ఈ క్రొత్త పద్ధతి నేర్చుకొనెను. ఉపాధ్యాయులమగు మాకు ఈ చరిత్రమంతటిలో మిక్కిలి నచ్చినది యిదియే. ఆమె పట్టము పొంది అప్పటికి పదునైదేండ్లకు మించినది. గురువు ఆమెకంటె అయిదేండ్లు చిన్నవాడు. ఆశ్రమము స్థిరపడినది, పేరు వచ్చినది. తెలిసినదానితో కాలము గడుపవచ్చును, ఎవరును నిందింపరు. ఆమె మరల శిష్యురాలై కూర్చుండెను.

ఈ చికిత్స తేలికపని కాదు. సూదులు వారమువారమును, నెలలును, ఒక్కొక్కప్పుడు ఏండ్లును వేయవలెను. మోతాదు మించినచో జ్వరము వచ్చి వ్యాధి పొంగును, తగ్గినచో గుణమీయదు. ప్రతి రోగి మచ్చలను కొలిచి, స్పర్శను పరీక్షించి, చర్మమునుండి తీసిన రసమును సూక్ష్మదర్శినితో చూచి, వ్రాసి యుంచవలెను. ఇట్లు ఆశ్రమము ఆస్పత్రి యాయెను. చికిత్స కలదని తెలిసినకొలది, మచ్చను దాచుకొనువారు తామే నడిచివచ్చుట కారంభించిరి. 1923లో కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకము లభించినది. 1925లో రోజర్సు, మ్యూర్ గారలు కుష్ఠరోగ శాస్త్రమును గ్రంథముగా వెలువరించిరి, వైద్యులకది పాఠ్యపుస్తకమైనది.

ఆ నూనె అందఱిని బాగుచేసెనని చెప్పిన అసత్యమగును. తొలిదశలోనివారికి కొంత మేలు కనబడెను. ముదిరినవారికి అంతగా ఫలింపలేదు. ఆమె తన కాలమున దొరకిన మందులలో మేలైనదానిని ఓపికతో వాడెను, అంతియే. అంతకు మంచి మందును చూచుట కామె బ్రతికి యుండలేదు. 1932లో డిచ్‌పల్లియందే మరణించెను.

ఆ మంచి మందు చరిత్రయు డిచ్‌పల్లికి సంబంధించినదే. అచట కొంతకాలము పనిచేసిన జాన్ లో గారను వైద్యుడు, పిమ్మట కలకత్తాలో పరిశోధన చేసి, ఆఫ్రికాలోని నైజీరియాకు పోయిరి. 1941లో అమెరికాలోని కార్విల్లు ఆస్పత్రిలో సల్ఫోను మందులు మొదట వాడబడినవి. వానిలో డాప్సోను అను చవుక బిళ్లను నోటిద్వారా ఇచ్చి నయము చేయవచ్చునని 1950లో లో గారు ప్రకటించిరి. డాప్సోనుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టగా, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పలుమందులు కలిపి యిచ్చు చికిత్సను విధించిరి. నేడు ఆ మందులు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితము. ఆఱు నెలలనుండి పండ్రెండు నెలలలో చికిత్స ముగియును. ఇంటిలో ఎవరి యొంటనైన స్పర్శ తెలియని మచ్చ యున్నచో ఆలస్యము చేయక చూపించుకొనవలెను.

2005 చివరకు దేశమున ఈ వ్యాధిగ్రస్తులు పదివేలమందికి ఒక్కనికంటె తగ్గిరి. అయినను క్రొత్తవారు ఏటేట నమోదగుచునేయున్నారు. అందుచేత కళాశాలలలో ఆ శాఖ పేరునుండి మూడవ మాట తొలగలేదు. రోగులను పట్టి బంధింపవచ్చునను 1898 నాటి చట్టము మాత్రము, ఆమె మరణించిన ఎనుబదినాలుగేండ్లకు, 2016లో రద్దయినది.