విరూపణ్ణ: రాతికప్పుకు రంగులు తొడిగిన కోశాధికారి

పెనుకొండ సీమలో రాజుల ఖజానా కాచిన అధికారులు ఎందరో కలరు. వారిలో జనుల నోట నేటికిని మెలగు పేరు విరూపణ్ణ నాయకునిది. నంది లక్కిసెట్టి, ముద్దమాంబ అతని తల్లిదండ్రులు. 1529 మొదలు 1542 వరకు విజయనగరము నేలిన అచ్యుతదేవరాయల కాలమున అతడు పెనుకొండలో అధికారము నెరపెను. సెట్టి యింట పుట్టిన యాతనికి లెక్కలు వంశవిద్య. అట్టివాని పేరు రంగులవలన నిలుచుట విశేషము.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, లేపాక్షి గ్రామమున, తాబేటి వీపువంటి రాతిగుట్ట యొకటి కలదు. దానిని కూర్మశైలమందురు. ఆ గుట్టపై వీరభద్రాలయమును విరూపణ్ణయు, సోదరుడు వీరణ్ణయు నిర్మింపజేసిరి. 1530 దశకపు శాసనములు అచట దేవునకు జరిగిన దానములను తెలుపుచున్నవి. పోషకుల పేర్లు నిలిచినవి. కుంచె పట్టినవారి పేర్లు నిలువలేదు. లోకమున ఇది క్రొత్త గాదు.

రాతికప్పుపై సున్నపు గచ్చు మెత్తి, కావిరంగుతో ముందు రేఖలు గీచి, పిదప ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, పచ్చ వన్నెలు నింపిరి. నీలము మిక్కిలి యరుదు. కొలది వన్నెలతో పని నడుపవలసిన వారికి రేఖయే దిక్కు. లేపాక్షి బలమంతయు ఆ రేఖలోనే కలదు.

స్తంభముల వరుసలు మండపపు కప్పును పొడవైన పట్టీలుగా చీల్చినవి. ఈ యిరుకే చిత్రకారునకు మేలు చేసెను. తల పైకెత్తి నడచు చూపరికి కథయు అడుగుతో అడుగు కలిపి సాగును. కిరాతార్జునీయ ఘట్టమున దూకు పంది దేహమంతయు ఒక్క వంపుగీత. కన్ను ఆ గీతవెంట తానే పరుగిడును. అదే గుడిలో ఒక గోవు శిల్పము కలదు. ఒకే మేనికి మూడు తలలు. రెండింటిని అరచేత కప్పి ఒక్కదానినే చూచినచో ఒక యావు. చేయి జరిపినచో అదే యావు తల త్రిప్పినట్లుండును. ఓబులదేవరచెరువు, హిందూపురము, ధర్మవరము బడులలో చిత్రలేఖనము నేర్పువారు పిల్లలకు కదలికను బోధించుటకు ఇంతకు మించిన పాఠమును దూరదేశములలో వెదుకనక్కరలేదు.

నిలుకడకు భృంగి కలడు. పార్వతి యాగ్రహమున బలముడిగి నిలువలేని భృంగికి శివుడు మూడవకాలు ప్రసాదించెనని గాథ. నాట్యమండపమున భృంగి ఆ మూడు కాళ్ళతోనే నాట్యమాడుచున్నాడు. ఒక్క కాలు తీసివేసినచో కథయు నిలువదు, బొమ్మయు నిలువదు.

ఇక ప్రాధాన్యము మాట. గర్భగుడి ముంగిటి కప్పుపై వీరభద్రుని చిత్రము 20 అడుగులకు మించి పరచుకొన్నది. ఆతని పాదములచెంత విరూపణ్ణ, వీరణ్ణలు బొటనవ్రేలంత వారివలె కనబడుదురు. కొలువు దేవునిది, కొలుచువారు వీరని చెప్పుటకు అక్షరమక్కరలేదు; కొలతయే చెప్పును. వేరొకచోట ఆ సోదరులే పొడవైన కుళ్లాయిలు ధరించి, పరివారముతో నిండుగా నిలిచిరి. సొమ్ము తమ చేత నుండగా, దేవుని ప్రక్కన ఇంత చిన్నగా గీయించుకొనుటకు సమ్మతించిన యధికారిని మెచ్చుకొనవలసినదే.

ఆ సొమ్ము ఎవరిదను ప్రశ్నయే అతని కథకు ముల్లు. రాజు అనుమతి లేకయే కోశధనమును గుడికి వెచ్చించెనని కొందరు కొండెములు చెప్పిరట. కన్నులు పెరికివేయుడని రాజు శాసించెనట. ఆ మాట విని విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడపై విసరెనట. ఆ గోడపై ఎఱ్ఱని మచ్చలను నేటికిని చూపుదురు. ఇది జనశ్రుతి, చరిత్రగా గైకొనదగదు. అయినను ప్రజలు ఈ కథను ఊరక అల్లలేదు. పాలకుల ధనముతో కట్టిన గుడిలో అపరాధమెంత, పుణ్యమెంత యను సందేహమును వారు ఆ రెండు మచ్చలలో నిలిపిరి. లక్షల కన్నులకు విందు చేసినవానికి కన్నులు లేకుండ చేయుట కథకుని చేతివాటము.

1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిదప విజయనగర రాజధాని పెనుకొండకే తరలివచ్చెను. అప్పటికే ఈ కప్పులు రంగులతో నిండియుండెను. ఆ చిత్రములలోని స్త్రీల చీరల అంచులును, పూలును ధర్మవరపు పట్టుమగ్గములకు దారి చూపెనని ప్రతీతి. 2022లో ఈ యాలయమును, చెంతనున్న ఏకశిలా నందిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చిరి. గచ్చు పెళ్లలూడి కొన్ని ముఖములు చెరగినవి.

పార్వతీకల్యాణము లోపలి కప్పుపై రంగులలో పూర్తిగా జరిగిపోయినది. వెలుపల, ఆ పెండ్లికే తలపెట్టిన కల్యాణమండపమున చెక్కిన స్తంభములు బారులు తీరి నిలిచియున్నవి. వానిపై కప్పు లేదు.