భాషకు ప్రాణమిచ్చిన అమరజీవి

సూళ్లూరుపేట: ప్రజల పాలన ప్రజల భాషలోనే సాగాలన్న ఆశయానికి ప్రాణాన్నే మూల్యంగా చెల్లించిన త్యాగధనుడు పొట్టి శ్రీరాములు. తడ దాటితే తమిళనాడు మొదలయ్యే ఈ సరిహద్దు ప్రాంతానికి ఆయన జీవితం ప్రత్యేకంగా స్మరణీయం.

1901 మార్చి 16న మద్రాసులో ఆయన జన్మించారు. పూర్వికులది నాటి నెల్లూరు జిల్లా కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ అభ్యసించి రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యాబిడ్డలు మరణించిన తరువాత కొలువు వీడి సబర్మతి ఆశ్రమం చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో కారాగార శిక్ష అనుభవించారు. అనంతరం నెల్లూరును కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశానికి నిరాహార దీక్ష పూని సాధించారు. నినాదాలు రాసిన అట్టలు ధరించి, మండుటెండలో పాదరక్షలు లేకుండా వీధులు తిరిగే ఆయనను పిచ్చివాడని ఎగతాళి చేసినవారూ ఉన్నారు.

ఆంధ్ర రాష్ట్ర సాధనకై 1952 అక్టోబరు 19న మద్రాసులోని బులుసు సాంబమూర్తి గృహంలో దీక్ష ప్రారంభించారు. 58వ రోజైన డిసెంబరు 15 రాత్రి అసువులు బాశారు. నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. 1956లో దేశమంతటా రాష్ట్రాల పునర్విభజనకు భాషే ప్రధాన ప్రాతిపదిక అయింది.

అయితే మద్రాసు ఆంధ్రకు దక్కలేదు. శ్రీరాములు పుట్టిన ఊరు, కన్నుమూసిన ఇల్లు సరిహద్దుకు ఆవలే మిగిలాయి. అక్కడి తెలుగువారు, ఇక్కడి తమిళులు భాషాపరంగా అల్పసంఖ్యాకులయ్యారు. వీరి రక్షణకై 1956లోనే ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో రెండు అధికరణలు చేరాయి. ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించే వసతులు కల్పించాలని 350-ఎ నిర్దేశిస్తుంది. 350-బి ప్రకారం రాష్ట్రపతి ప్రత్యేకాధికారిని నియమిస్తారు. కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకొనే హక్కును 350వ అధికరణ మొదటినుంచీ ఇస్తోంది. అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోనూ వెలువరించడం మంచిదని 1961 ముఖ్యమంత్రుల సమావేశం భావించింది.

ఆచరణ మాత్రం వేరుగా ఉంది. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టం పదో తరగతి వరకు తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేయడంతో అక్కడి తెలుగు విద్యార్థులు మినహాయింపు కోసం న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది.

2008లో నెల్లూరు జిల్లాకు శ్రీరాములు పేరు పెట్టారు. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా ఆయన ఆశయం మారదు. ఆవలి తెలుగు బిడ్డకు మనం కోరే బడి, ఈవలి తమిళ బిడ్డకూ అందాలి. అర్జీతో కార్యాలయం మెట్లెక్కిన పేదవాడికి అర్థమయ్యే భాషలో సమాధానం దొరకాలి. అమరజీవికి అదే నిజమైన నివాళి.