శ్యామ్‌జీ కృష్ణవర్మ: స్వదేశం చేరిన అస్థికలు

ఇంట్లో పెద్దలు కన్నుమూస్తే పిల్లలు వారి అస్థికలను ఏ గోదావరిలోనో, గంగలోనో కలుపుతారు. పిల్లలు లేని మనిషి, అందులోనూ పరాయి దేశంలో తలదాచుకున్న మనిషి, ఆ బాధ్యత ఎవరికి అప్పగించాలి? శ్యామ్‌జీ కృష్ణవర్మ దాన్ని అప్పటికింకా పుట్టని స్వతంత్ర భారతదేశానికి అప్పగించారు.

ఆయన 1857 అక్టోబరు 4న కచ్‌లోని మాండవి అనే రేవుపట్టణంలో, ఒక పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. సంస్కృతంలో ఆయన పాండిత్యం చూసి ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు మోనియర్ విలియమ్స్ తనకు సహాయకుడిగా పెట్టుకున్నారు. అక్కడి బేలియల్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ సంస్థ ద్వారా బారిస్టరు అయ్యారు. స్వదేశానికి వచ్చాక రత్లాం, ఉదయపూర్, జునాగఢ్ సంస్థానాల్లో పెద్ద ఉద్యోగాలు చేశారు. ఊళ్లు మారడం మనలాగే ఆయనకూ అలవాటే. మనం బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుకుంటాం. ఆయన తర్వాతి ప్రయాణాలకు మాత్రం కారణం వేరు.

1897లో ఆయన మళ్లీ లండన్ చేరారు. 1905లో ఇండియన్ సోషియాలజిస్ట్ అనే పత్రిక మొదలుపెట్టి, అందులో స్వరాజ్యం కావాలని నిర్భయంగా రాశారు. అదే ఏడాది హైగేట్ ప్రాంతంలో ఇండియా హౌస్ అనే వసతి గృహం తెరిచారు. మన విద్యార్థులకు అక్కడ అద్దెకు గది దొరకడమే కష్టంగా ఉండే రోజులవి. చదువుకోవడానికి ఉపకార వేతనాలు కూడా ఇచ్చారు. ఆ ఉపకార వేతనం మీద వచ్చి ఆ ఇంట్లో ఉన్నవారిలో వినాయక్ దామోదర్ సావర్కర్ ఒకరు. ప్రభుత్వం కన్ను పడటంతో శ్యామ్‌జీ 1907లో పారిస్‌కు వెళ్లిపోయారు. ఆయన రాతలను నేరంగా ఎంచి 1909లో ఇన్నర్ టెంపుల్ తన బారిస్టర్ల జాబితా నుంచి ఆయన పేరు కొట్టేసింది. 1914లో యుద్ధ మేఘాలు కమ్ముకున్నప్పుడు ఆయన పారిస్ కూడా వదిలి స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో స్థిరపడ్డారు.

మనకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది జెనీవాలో ఆయన చేసిన ఏర్పాటు. తన అస్థికలనూ, భార్య భానుమతి అస్థికలనూ వందేళ్లపాటు భద్రపరచాలని ఆయన అక్కడి సెయింట్ జార్జ్ శ్మశానవాటికతో ఒప్పందం చేసుకున్నారు. అందుకయ్యే సొమ్ము ముందే చెల్లించారు. దేశం స్వతంత్రమయ్యాక ఆ కలశాలను స్వదేశానికి పంపాలన్నది ఆయన కోరిక. లెక్క తెలిసిన మనిషి కాబట్టి గడువు కాస్త ఎక్కువే పెట్టారనుకుంటాం.

1930 మార్చి 30న ఆయన, 1933లో భానుమతి కన్నుమూశారు. 1947లో దేశం స్వతంత్రమైంది. ఆయన ఊహించినదానికన్నా ముందే అయిందేమో కూడా. అయినా కలశాలు జెనీవాలోనే ఉండిపోయాయి. 1909లో లండన్‌లో ఉరికంబమెక్కిన మదన్‌లాల్ ధింగ్రా అవశేషాలను 1976లో తెచ్చుకున్నాం. శ్యామ్‌జీ పేర 1989లో తపాలా బిళ్ల కూడా వేశాం. అస్థికల సంగతి మాత్రం వెనకబడింది. బిళ్ల వేయడం సులువే. అడిగిన పని చేయడానికే స్వాతంత్ర్యం వచ్చాక 56 ఏళ్లు పట్టడం మాకు బాధగానే అనిపిస్తుంది.

చివరికి 2003 ఆగస్టు 22న నాటి గుజరాత్ ముఖ్యమంత్రి జెనీవా వెళ్లి ఆ కలశాలను అందుకున్నారు. అవి ముంబయి మీదుగా గుజరాత్ చేరి, ఊరూరా జనం నివాళులు అందుకుంటూ మాండవికి వచ్చాయి. జెనీవాలో కట్టిన గడువులో అప్పటికి ఇంకా 27 ఏళ్లు మిగిలే ఉన్నాయి.

భుజ్‌లోని కచ్ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. మాండవి దగ్గర 2010లో క్రాంతి తీర్థ్ అనే స్మారకం తెరిచారు. లండన్‌లోని ఇండియా హౌస్ ఎలా ఉండేదో అచ్చం అలాంటి ఎర్రటి భవనాన్నే అక్కడ కట్టారు. నదిలో కలపని ఆ రెండు కలశాలు అక్కడే పక్కపక్కన ఉన్నాయి. 2015లో ఇన్నర్ టెంపుల్ కూడా తాను కొట్టేసిన పేరును మళ్లీ జాబితాలో చేర్చింది. చనిపోయిన 85 ఏళ్లకు శ్యామ్‌జీ తిరిగి బారిస్టరు అయ్యారు.